ఊరంతా రెండు సెంటీమీటర్లు పెరిగిన రోజు

మేజిస్ట్రేటు గారి గదిలో, ఈ నెల ఇరవై ఏడో తేదీ శుక్రవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మొదలుపెట్టి రాసుకున్న వాంగ్మూలం.

నా పేరు, మా నాన్న పేరు కాగితం పైన గుమాస్తా గారు ముందే రాసుకున్నారు. ఆ పేరుతో నన్నెవరూ పిలవరు. పెద్దవాళ్ళకు నేను హాలక్కను, కుర్రవాళ్ళకు హాలత్తను. వయసు నలభై మూడు. టౌన్ హాలులో పదహారేళ్ళుగా ఊడ్చి తుడిచే పని చేస్తున్నాను. కాపురం నూలు మిల్లు వెనక లైన్ ఇళ్ళలో, మూడో లైను, ఏడో ఇల్లు. మా ఆయన ఒకప్పుడు మిల్లులో ఫిట్టరు, ఇప్పుడు బస్సు డిపోలో వాచ్‌మన్. మాకు ఒక్కడే కొడుకు. వాడికి ఇరవై ఏళ్ళు. ఇంట్లో వాడిని బుల్లోడు అంటాం.

చెప్పి తీరాలన్న బలవంతం ఏమీ లేదనీ, చెబితే అది నా మీదే వాడవచ్చనీ మేజిస్ట్రేటు గారు ముందే హెచ్చరించారు. అర్థమైంది. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు, ఆశ పెట్టలేదు. స్టేషన్‌లో టీ కూడా ఇచ్చారు. నా ఇష్టంతోనే చెబుతున్నాను.

ఈ నెల పదకొండో తేదీ బుధవారం పొద్దున ఐదు గంటల నలభై నిమిషాలకు, టౌన్ హాలు పెద్ద గదిలో ఉత్తరం గోడకు ఉన్న ఎత్తు కొలిచే స్కేలును నేను రెండు సెంటీమీటర్లు కిందికి దించి బిగించాను. ఆ రోజు ఎనిమిది గంటలకు అక్కడ ఫైర్ సర్వీసుకు కుర్రాళ్ళను ఎంపిక చేస్తారని నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆ స్కేలు నేల దాకా ఉండదు. నడుము ఎత్తు నుంచి పైకి ఉంటుంది. గోడకు తెల్లరంగు వేసిన చెక్క పట్టీ ఉంది, దానికి నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది. కాబట్టి రెండు సెంటీమీటర్లు దిగితే కంటికి ఆనదు. బట్టలు కుట్టే టేపుతో కొలుచుకుని, మేకుతో కొత్త చిల్లులు చేసి, అందులో స్క్రూలు తిప్పాను. పైన రెండు పాత చిల్లులు బయటపడ్డాయి. వాటిలో సబ్బు కూరి, పైన సుద్దపొడి అద్దాను. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత గది తుడిచాను.

స్క్రూడ్రైవర్ మా ఆయనది. ఆయనకు అప్పటికి ఈ సంగతి ఏమీ తెలియదు. మధ్యాహ్నం ఆయన “ఏమే, నా స్క్రూడ్రైవర్ చూశావా?” అని మంచం కింద వెతుకుతుంటే నేను కూడా వంగి వెతికాను. మా అబ్బాయికి కూడా ఏమీ తెలియదు. ఇది రాసుకోమని గుమాస్తా గారిని రెండుసార్లు అడిగాను. రాశానన్నారు.

ఎందుకు చేశావని మేజిస్ట్రేటు గారు అడిగారు. దానికి ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. గుమాస్తా గారు క్లుప్తంగా చెప్పమన్నారు. మేజిస్ట్రేటు గారు “చెప్పనివ్వండి” అన్నారు.

మా వాడికి ఐదో నెల నడుస్తుండగా మిల్లుకు తాళం పడింది. పద్నాలుగు నెలలు తీయలేదు. మిల్లు ఆగితే మా ఊళ్ళో అన్నీ ఆగినట్టే. కొట్లు మూశారు, బస్సులు తగ్గాయి. మొదటి రెండు నెలలు ఉన్నది తిన్నాం. తర్వాత ఒంటిపూట. నాకు పాలు పడటం తగ్గిపోయింది. జావ కాచేదాన్ని. అడుగున ఉన్న చిక్కటిది వాడికి, పైన తేటది మాకు. కొన్నాళ్ళకు అడుగుకీ పైకీ తేడా లేకుండా పోయింది. వాడు ఏడ్చేవాడు కాదు. ఏడవని పిల్లాడిని చూసి లైన్‌లో ఆడవాళ్ళు ఎంత బుద్ధిమంతుడో అనేవాళ్ళు. నేనూ అదే అనుకుని మురిసిపోయాను. ఏడవడానికి ఓపిక లేదని తర్వాత తెలిసింది.

వాడి తొమ్మిదో నెలలో మిల్లు ఆస్పత్రి గదిలో పాలపొడి ఇస్తున్నారంటే తీసుకెళ్ళాను. అప్పుడే కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒకావిడ పిల్లల బరువు చూసేవారు. ఆవిడ పుస్తకంలో ఒక ఎర్రగీత ఉండేది. గీత కింద ఉన్న పిల్లలకే డబ్బా. డాక్టరమ్మ ముందుకు తీసుకెళ్తున్నానని నేను వాడికి ఉన్నవాటిలో మంచి చొక్కా వేశాను, కాళ్ళకు మేజోళ్ళు వేశాను, తలకు ఊలు టోపీ పెట్టాను. బరువు గీత కంటే వంద గ్రాములు ఎక్కువ వచ్చింది. డబ్బా ఇవ్వలేదు. బయటికి వచ్చాక వెనకాల నిలబడ్డావిడ అంది: “అయ్యో పిచ్చిదానా, బట్టలతో ఎవరైనా తూయిస్తారా? ఆ బట్టలే ఉంటాయి వంద గ్రాములు.”

నిజమే. ఇంటికి వచ్చి ఆ బట్టలు చేతిలో పెట్టుకుని చూశాను. ఉంటాయి.

డాక్టరమ్మ ఆ రోజు తల్లులందరికీ ఒక మాట చెప్పారు. “రెండేళ్ళు నిండేలోపు తిన్నదే ఎముకకీ బుర్రకీ పునాది. తర్వాత ఎంత పెట్టినా ఒళ్ళొస్తుంది గానీ పోయింది తిరిగి రాదు. ఎలాగైనా పెట్టండమ్మా” అన్నారు. ఎలాగో మాత్రం ఆవిడకూ తెలియదు, మాకూ తెలియదు.

మిల్లు తెరిచేసరికి వాడికి పంతొమ్మిదో నెల. ఆ తర్వాత నేను వాడికి పెట్టని తిండి లేదు. గుడ్డు, పాలు, పప్పు, ఏది దొరికితే అది. బుగ్గలు వచ్చాయి. గట్టి పిల్లాడయ్యాడు. పదహారేళ్ళకే నీళ్ళ డ్రమ్ము భుజం మీద పెట్టుకుని మూడో లైను దాకా నడిచేవాడు. ఒళ్ళు వచ్చింది. ఎత్తు రాలేదు.

వాడొక్కడే కాదు. ఆ ఏడాది పుట్టినవాళ్ళంతా అంతే. బళ్ళో వాళ్ళను మూత పిల్లలనేవాళ్ళు, మిల్లు మూతపడిన ఏడాది వాళ్ళని. ప్రార్థనకు వరసగా నిలబడితే ఐదో తరగతి వాళ్ళు నాలుగో తరగతి వాళ్ళ భుజాల దగ్గరికి వచ్చేవాళ్ళు. పాఠాలూ అంతే, ఆలస్యంగా ఎక్కేవి. మా వాడు రెండో తరగతి రెండుసార్లు చదివాడు. క్లాసులో ముప్పై ఎనిమిది మంది ఉంటే పదో తరగతి గట్టెక్కింది తొమ్మిది మంది. “ఈ క్లాసుకి నేనేం చెప్పినా నిలవదమ్మా, గంపలో పోసిన నీళ్ళలా కారిపోతుంది” అని లెక్కల మాస్టారు ఒకసారి నాతో అన్నారు. ఆయన మంచివాడే. పిల్లల కోసం సెలవుల్లో కూడా వచ్చి చెప్పేవాడు. కానీ ఆ మాటకు నేను ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు.

మా వాడికి బుర్ర లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. వాడిది నిదానం. ఒక విషయం వాడి దగ్గర పెడితే దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, చాలాసేపు చూసి, చివరికి సరైన చోటికే వస్తాడు. ఆ చాలాసేపు ఆగేవాళ్ళు కావాలి. బడిలో అంతసేపు ఎవరూ ఆగరు.

వాడికి పన్నెండేళ్ళప్పుడు మార్కెట్ వెనక బట్టల గోదాము అంటుకుంది. ఫైరింజను వచ్చింది. దాంట్లో ముగ్గురే మనుషులు. పైపు పట్టుకోవడానికి చాలక జనాన్ని సాయం పిలిచారు. మా వాడు కూడా పరుగెత్తి ఆ పైపు పట్టుకున్నాడు. ఆ రోజు ఇంటికి నల్లగా, తడిసి ముద్దయి వచ్చి, “అమ్మా, పైపు పాములా తన్నుకుంది, నేను వదల్లేదు” అన్నాడు. అప్పటి నుంచి వాడికి ఇంకో ఉద్యోగం మాట లేదు.

పోయినేడు ఎంపికకు వెళ్ళాడు. పరుగు, బరువు మోయడం, తాడు ఎక్కడం, అన్నిటిలో ముందున్నాడు. ఎత్తు నూట అరవై మూడు వచ్చింది. కావాల్సింది నూట అరవై ఐదు. వెనక్కి పంపేశారు. ఇంటికి వచ్చి చొక్కా విప్పి మేకుకు తగిలించి, “అమ్మా, నేను ఇంకా పెరుగుతానా?” అని అడిగాడు.

“పెరుగుతావు నాన్నా” అన్నాను.

నా మొదటి అబద్ధం అది. స్కేలు రెండోది.

నా మాట నమ్మి వాడు సంవత్సరమంతా బస్సు డిపో వెనక ఇనప కడ్డీ పట్టుకుని వేలాడాడు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. కాళ్ళు చాపుకునే పడుకునేవాడు, ముడుచుకుంటే పెరగనని. నడిచేటప్పుడు మునివేళ్ళ మీద నడిచేవాడు. నేను రోజూ చూశాను. మూడు వందల అరవై ఐదు రోజులూ చూశాను.

మా హాల్లో మీటింగులు జరిగినప్పుడు టీ ఇచ్చేది నేనే. ఫైర్ స్టేషన్ ఆఫీసరు గారు పోయినేడు ఎంపిక అయ్యాక తల పట్టుకు కూర్చున్నారు. పద్నాలుగు ఖాళీలుంటే నాలుగే నిండాయి. “ఇంజను ఉంది, నీళ్ళున్నాయి, ఎక్కే మనుషుల్లేరు” అన్నారు. అప్పుడు ఎత్తు కొలిచింది డాక్టరమ్మే, ఆ రోజుల్లో మిల్లు ఆస్పత్రిలో పిల్లల్ని తూచిన ఆవిడే. ఇప్పుడు జుట్టు తెల్లబడింది. “ఇది మన ఊరి గోల ఒక్కటే కాదండీ. ఏ ఊళ్ళో ఏ మిల్లు మూతపడితే ఆ ఊరి పిల్లలు ఇరవై ఏళ్ళ తర్వాత ఇలాగే వచ్చి నిలబడతారు. మనం ఇవాళ వీళ్ళ ఎత్తు కొలవడం లేదు, అప్పటి గిన్నె కొలుస్తున్నాం” అన్నారు ఆవిడ. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను. టీ చల్లారిందని ఆఫీసరు గారు మళ్ళీ పెట్టించారు.

అప్పుడు నాకు అనిపించింది. మా వాడు గీత కంటే వంద గ్రాములు ఎక్కువున్నాడని అప్పుడు పాలపొడి ఇవ్వలేదు. గీత కంటే రెండు సెంటీమీటర్లు తక్కువున్నాడని ఇప్పుడు ఉద్యోగం ఇవ్వరు. గీత ఎటు ఉంటే వాడు దానికి అవతలి పక్కనే ఉంటున్నాడు. వాణ్ణి ఎలాగూ జరపలేను. గీతను జరపవచ్చు కదా అనుకున్నాను.

పదకొండో తేదీన రెండు వందల పన్నెండు మంది వచ్చారు. వాన పడి బురదగా ఉంది. నేను తడిగుడ్డ కర్ర పట్టుకుని గుమ్మం దగ్గరే ఉన్నాను. మా వాడి వంతు తొమ్మిది ఇరవై ఐదుకు వచ్చింది. డాక్టరమ్మ స్కేలుకున్న అడ్డ చెక్కను వాడి తల మీదికి దించి చూసి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశారు. “నూట అరవై ఐదు” అన్నారు. పోయినేటి కాగితం తిరగేశారు. “పెరిగావయ్యా!” అన్నారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను చూశాను.

లోపల మాట్లాడకూడదు కాబట్టి మా వాడు నా వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించాడు. పెరట్లోకి రాగానే నన్ను బకెట్టుతో సహా పైకెత్తాడు. నీళ్ళన్నీ మా ఇద్దరి కాళ్ళ మీద ఒలికాయి.

“నువ్వు చెప్పావుగా అమ్మా! పెరుగుతానని చెప్పావుగా!”

“చెప్పాను నాన్నా. దించరా, ఎవరైనా చూస్తారు.”

“చూడనీ!”

మధ్యాహ్నానికి హాలంతా సందడి. ఎరిగిన పిల్లలే అందరూ. చిన్నప్పుడు హాలు మెట్ల మీద గోళీలాడితే నేను చీపురు చూపించి తరిమినవాళ్ళే. ఒక్కొక్కడూ బయటికి రావడం, “హాలత్తా, నేను కూడా!” అనడం. ఎత్తు దాటనివాళ్ళు నలభై ఏడు మంది ఆ రోజు దాటారు. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ కొడుకు నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు, గుమ్మంలో మొదట కనబడ్డ పెద్దదాన్నని. నేను ఒకే చోట నాలుగుసార్లు తుడిచాను.

సాయంత్రం ఐదున్నరకు ఇంట్లో ముగ్గురం ఉన్నాం. మా తలుపు చట్రానికి వాడి మూడో ఏటి నుంచి ఏటేటా మా ఆయన మేకుతో గీసిన గీతలున్నాయి. “నాన్నా, కొత్త గీత గీయి” అని వాడు వెళ్ళి చట్రానికి ఆనుకుని నిలబడ్డాడు. మా ఆయన అట్టపెట్టె మూత వాడి తల మీద అడ్డంగా పెట్టి చూశాడు. నా వైపు చూశాడు. నేను పొయ్యి వైపు చూశాను.

“నిటారుగా నిలబడు” అన్నాడు. మళ్ళీ చూశాడు. “మడమలు ఆనించు” అన్నాడు. మూడోసారి చూశాడు. తర్వాత పాత గీతకు రెండు వేళ్ళ పైన గీశాడు. అది మా ఆయన చేసిన తప్పు. దానికి చట్టంలో సెక్షను ఉందో లేదో నాకు తెలియదు.

వాడు పక్కకు జరిగి గీత చూసుకున్నాడు. నవ్వాడు. తర్వాత అరచెయ్యి తల మీద పెట్టుకుని, అలాగే చట్రం దాకా జరిపాడు. చెయ్యి పాత గీతకు తగిలింది. మళ్ళీ పెట్టుకుని చూశాడు. అక్కడే తగిలింది. అప్పుడు వాడు గడప మీద కూర్చుని వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

“నేను రెండు. ఇస్త్రీ అత్త కొడుకు రెండు. నిచ్చెనగాడు…” నిచ్చెనగాడంటే వాళ్ళ క్లాసులో అందరికంటే పొడుగు పిల్లాడు. వాడు పోయినేడే ఎత్తు దాటాడు, పరుగులో పోయింది. “నిచ్చెనగాడికి పెరగాల్సిన పనేముంది? వాడూ రెండే పెరిగాడు.”

వాడు ఆలోచిస్తుంటే నేను మధ్యలో అందుకోను. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ రోజు కూడా అందుకోలేదు. మా ఆయన ఏదో అనబోతే కళ్ళతోనే ఆపాను. పొయ్యి మీద పాలు పొంగాయి. దించలేదు.

“అమ్మా, హాలు తాళం నీ దగ్గరే ఉంటుంది కదా.”

“ఉంటుంది నాన్నా.”

“అయితే నేను పెరగలేదన్నమాట.”

“లేదు నాన్నా.”

వాడు తల ఊపాడు. “పొద్దున్నుంచీ ఎంత బాగుందో అమ్మా” అన్నాడు.

కోపంగా అనలేదు. ఏదో ఊరు వెళ్ళి వచ్చినవాడు అక్కడి సంగతి చెప్పినట్టు అన్నాడు. ఇది ఇలాగే రాయండి. కోపంగా అనలేదు.

కాసేపటికి “నన్నొక్కడినే గీత ఎక్కించావనుకున్నా. ఊరందరినీ ఎక్కించేశావు” అన్నాడు. “నీ ఒక్కడికే స్కేలు దించడం కుదరదు కదరా” అన్నాను. దానికి వాడు నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, తర్వాత వచ్చింది. పాలు మాడిన వాసన ఇల్లంతా కమ్మింది.

వాడు పొయ్యి దగ్గరికి వచ్చి గిన్నె దించాడు. “పైన కిటికీలో ఎవరో ఉంటారు. నా చెయ్యి రెండు వేళ్ళ దూరంలో ఆగిపోతే పడేది నేను కాదమ్మా, వాళ్ళు” అన్నాడు. “రేపు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?”

“నేనే చెబుతాను” అన్నాను.

పన్నెండో తేదీ పొద్దున ఏడింటికి డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ వరండాలో ముందు రోజు జాబితా పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పోయినేటి జాబితా కూడా పక్కనే ఉంది. నేను చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

“నేనూ అదే చూస్తున్నానమ్మా. ఇరవై ఏళ్ళవాళ్ళు ఊరంతా కూడబలుక్కుని రెండేసి సెంటీమీటర్లు పెరగరు. నిన్న మధ్యాహ్నానికే నాకు తట్టింది. నమ్ముదామనిపించింది, అంతే” అన్నారు.

ఊలు టోపీ సంగతి, మేజోళ్ళ సంగతి కూడా అప్పుడే చెప్పాను. ఆవిడకు అప్పటి మా వాడు గుర్తులేడు. ఎలా ఉంటాడు? “ఆ నెల నా దగ్గరున్నవి అరవై డబ్బాలు. వచ్చింది నూట నలభై మంది. ఎక్కడో ఒకచోట గీయాలి కదమ్మా” అన్నారు. అవునమ్మా, మీ తప్పని అనడం లేదన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళారు. చాలాసేపటికి టీ తెచ్చారు. దాంట్లో పంచదార వేయడం మరిచిపోయారు. నేను చెప్పలేదు.

తర్వాత ఇద్దరం హాలుకు వెళ్ళాం. పాత చిల్లులో ఆవిడ గోరుతో గీకితే సబ్బు ఊడి వచ్చింది. వాసన చూశారు. అక్కడి నుంచి నేనే స్టేషన్‌కు నడిచి వెళ్ళాను. సొంత పూచీ మీద ఆ సాయంత్రమే వదిలారు. ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసిన కాగితం కూడా ఆ సాయంత్రమే వచ్చింది.

పద్నాలుగో తేదీ శనివారం అందరినీ మళ్ళీ పిలిచి, అప్పుడే సంగతి చెప్పి, కొలిచారు. నన్ను లోపలికి రానివ్వలేదు. నేను గేటు పక్కన అరుగు మీద కూర్చున్నాను. తిట్టేవాళ్ళు తిట్టడానికి వీలుగా ఉంటుందని అక్కడ కూర్చున్నాను. మా వాడికి ఎలాగూ రాదని తెలుసు, అయినా తల దువ్వుకుని వెళ్ళి నిలబడ్డాడు. నూట అరవై మూడు. నలభై ఏడు మందీ వెనక్కి వచ్చేశారు.

ఇస్త్రీ చేసే ఆవిడ నన్ను తిట్టింది. “మూడు రోజులు వాడు ఇంట్లో పాటలు పాడాడే! లేని ఆశ ఎందుకు పెట్టావే తల్లీ!” అని ఏడ్చింది. అలిసిపోయాక నా పక్కనే కూర్చుంది. నా సీసాలో నీళ్ళు తాగింది. కాసేపటికి, “మా వాడికీ ఇవ్వలేదు డబ్బా” అంది. అప్పుడు ముఖం చూసి గుర్తుపట్టాను. ఆ రోజు ఆస్పత్రి వరసలో నా వెనకాల నిలబడ్డది ఆవిడే. తన కొడుకు బట్టలు విప్పే తూయించిందట. అయినా ఇరవై గ్రాములు ఎక్కువే వచ్చాడట.

డాక్టరమ్మ పాత ఆస్పత్రి పుస్తకం వెతికి తీశారు. మూత ఏడాది పిల్లల అప్పటి బరువు, ఇప్పటి ఎత్తు పక్కపక్కన రాసి రాజధానికి పంపుతున్నారు. “పంపితే మా పిల్లలకు ఏమైనా అవుతుందామ్మా?” అని అడిగాను. “వీళ్ళకు ఏమీ కాదు. అబద్ధం చెప్పను. ఇప్పుడు ఉయ్యాల్లో ఉన్నవాళ్ళకు కావాలి” అన్నారు.

ఉయ్యాల్లో ఉన్నవాళ్ళ సంగతి మేజిస్ట్రేటు గారికి తెలియాలి. రెండు నెలలుగా మిల్లు వారానికి మూడు రోజులే నడుస్తోంది. మా లైన్‌లో పిల్లలు మళ్ళీ ఏడవడం మానేస్తున్నారు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. డాక్టరమ్మతో ఇది చెప్పగానే ఆవిడ టౌన్ హాల్లో వారం వారం పిల్లల్ని తూచడం మొదలుపెట్టారు. పదిహేడో తేదీ మంగళవారం ముప్పై ఒక్క మంది వచ్చారు. ఇరవై నాలుగో తేదీ మంగళవారం యాభై ఆరు మంది వచ్చారు. కోళ్ళ ఫారం నుంచి గుడ్లు, పాల కేంద్రం నుంచి పాలు వస్తున్నాయి. పుస్తకంలో ఈసారి గీత లేదు. వచ్చిన ప్రతి బిడ్డకూ ఇస్తున్నారు. పాలు చాలకపోతే నలభై ఏడు మందిలో ఎవరో ఒకరు సైకిలేసుకుని వెళ్ళి ఇంకో క్యాను తెస్తున్నారు.

పుస్తకం రాసేది మా వాడు. ఒక్కో అంకె రెండుసార్లు చూసి రాస్తాడు, పైకి చదువుతాడు, మళ్ళీ చూస్తాడు. వెనకాల వరస ఆగుతుంది. డాక్టరమ్మ తొందరపెట్టరు. పోయిన మంగళవారం ఒక బిడ్డ బరువు ముందు వారం కంటే తగ్గిందని ముందు కనిపెట్టింది వాడే. డాక్టరమ్మ కూడా చూడలేదు. ఆ బిడ్డను అప్పటికప్పుడు పెద్దాస్పత్రికి పంపారు. ఇప్పుడు బాగుంది. నిన్న పాలు పట్టకపోతే గొంతు చించుకుని ఏడ్చిందట. వాడు ఇంటికి వచ్చి ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు.

పశ్చాత్తాపం ఉందా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. ఉంది. స్కేలు తప్పేమీ చేయలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దాని చేత అబద్ధం చెప్పించాను. నలభై ఏడు ఇళ్ళలో మూడు రోజుల సంతోషం పెట్టి తీసేసుకున్నాను. దానికి ఏ శిక్ష వేసినా పడతాను. వకీలు అక్కర్లేదు.

ఒక్కటే అడుగుతున్నాను. మంగళవారం పొద్దున ఆరున్నరకు హాలు తీసి, నేల పొడిగా తుడిచి, చాపలు పరచాలి. తడిగా ఉంటే తల్లులు చంకలో పిల్లలతో జారతారు. నా బదులు పెట్టిన మనిషికి ఆ తలుపు తీయడం రాలేదు. కొంచెం పైకెత్తి, భుజంతో నెట్టి, అప్పుడు తాళం తిప్పాలి. అందుకని సస్పెండ్ చేసిన ఆఫీసు వాళ్ళే తాళం మళ్ళీ నా చేతికిచ్చారు. అది రాసుకోవద్దని గుమాస్తా గారు సైగ చేస్తున్నారు. రాసుకోండి, నిజమే కదా. కాబట్టి నా కేసు వాయిదా ఏ రోజైనా వేయండి, ఎన్నిసార్లైనా వేయండి, వస్తాను. మంగళవారం మాత్రం వేయవద్దు.

పైన ఉన్నదంతా నేను చేసినదీ, నా కళ్ళతో చూసినదీ, నా చెవులతో విన్నదీ. గుమాస్తా గారు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించారు. నేను అనని మాట ఇందులో లేదు. నిజమని ఒప్పుకుని సంతకం పెడుతున్నాను.

(సంతకం)
టౌన్ హాలు ఊడ్చే మనిషి

నా ఎదుట, స్వచ్ఛందంగా ఇచ్చినది. మధ్యాహ్నం ఒంటి గంట ఐదు నిమిషాలకు ముగిసింది. తదుపరి వాయిదా వచ్చే నెల పదో తేదీ, గురువారం.

(సంతకం)
మేజిస్ట్రేటు